గరివిడి మామ్మ ఇంట్లో ఐదు యజ్ఞాలు

పంచమహాయజ్ఞాల మీద చేసిన వీడియోలో వాటి పేర్లు చెప్పుకున్నాం, ఏ యజ్ఞం ఎవరి కోసమో చెప్పుకున్నాం. టైమ్ చాలక ఒక మనిషి గురించి చెప్పడం కుదరలేదు. ఈ ఐదింటినీ నేను మొదట చూసింది మా మామ్మ దగ్గర. పుస్తకం చదివింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. ఊరు విజయనగరం జిల్లా గరివిడి.

"పొద్దున్న ఎనిమిదికి క్యాబ్ ఎక్కితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాం, ఇంక రోజుకి ఐదు యజ్ఞాలు ఎక్కడ కుదురుతాయండీ?" ఇది మీలో చాలామంది అడిగే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. యజ్ఞం అనగానే మనకి హోమగుండం, సమిధలు, నెయ్యి, పొగ గుర్తొస్తాయి. మా మామ్మ హోమం ముందు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. బ్యాంకు కాగితాల మీద కూడా వేలిముద్రే. ఇక టైమ్ సంగతి అంటారా, మనకన్నా ఆవిడకే తక్కువ.

గరివిడి తెలియని వాళ్ళ కోసం: హౌరా–చెన్నై రైలు మార్గంలో విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు వెళ్తుంటే నెల్లిమర్ల తర్వాత, చీపురుపల్లికి ముందు వచ్చే స్టేషన్. ఆ చుట్టుపక్కల నేలలో మాంగనీసు ఉంది. 1890లలోనే ఈ జిల్లాలో తవ్వకాలు మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ఊళ్ళో అందరూ దాన్ని ఫేకర్ అనే అంటారు. తాతయ్య అందులో షిఫ్టు డ్యూటీ చేసేవారు. పొలం, పశువులు, ఐదుగురు పిల్లలు, మంచం మీద ఉన్న అత్తగారు, ఇవన్నీ మామ్మ వంతు.

వంటింట్లో పుట్టే అప్పు

మనుస్మృతి మూడో అధ్యాయంలో ఒక లెక్క ఉంది. గృహస్థు ఇంట్లో ఐదు చోట్ల రోజూ తెలియకుండానే ప్రాణాలు పోతుంటాయట. పొయ్యి, నూరే రాయి, చీపురు, రోలూ రోకలీ, నీళ్ళకుండ. వీటిని పంచసూనలు అంటారు. సూన అంటే జంతువుల్ని చంపే చోటు. కట్టెతో పాటు అందులోని చీమలు కాలిపోతాయి, ఊడ్చేటప్పుడు పురుగులు పోతాయి, కుండ కింద ఏదో ఒకటి నలుగుతుంది. తినకుండా బతకలేం, ఈ హింస లేకుండా వండుకోలేం. కాబట్టి బదులుగా రోజూ ఐదు చెయ్యమన్నారు. దేవతలకి దేవయజ్ఞం, పెద్దలకి పితృయజ్ఞం, ఋషులకి బ్రహ్మయజ్ఞం అంటే చదవడం చదివించడం, ఇంటికొచ్చిన మనిషికి మనుష్యయజ్ఞం, మిగతా ప్రాణులకి భూతయజ్ఞం.

ఈ ఐదు వస్తువులూ ఎవరి చేతిలో ఉంటాయో చూడండి. ఏ యజ్ఞానికి ఎవరికి అధికారం ఉందని పండితులు ఎంతైనా వాదించుకోనివ్వండి, అప్పు పుట్టే చోటు మాత్రం ఆడవాళ్ళు పొద్దస్తమానం పనిచేసే చోటే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కులం గురించి, ఆడవాళ్ళ గురించి ఈ రోజు మనం ఒప్పుకోలేని, ఒప్పుకోకూడని మాటలు ఇదే మనుస్మృతిలో ఉన్నాయి. ఆ సంగతికి కాసేపట్లో మళ్ళీ వస్తాను. మా మామ్మకి కూడా అది ఒకరోజు ఎదురుపడింది.

మామ్మ రోజు

తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది. బియ్యప్పిండితోనే పెట్టేది. ముగ్గుపిండి అయితే తెల్లగా కనిపిస్తుంది కదా మామ్మా అని సెలవులకి వెళ్ళినప్పుడు నేనంటే, "సీమలు ఏటి తింటాయే గుంటా మరి? సున్నం తింటాయేటి?" అంది. అన్నం వార్చగానే మొదటి ముద్ద పెరటి గోడ మీద కాకికి. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు ఆవు కుడితిలోకి. పిల్లి ఒకటి ఉండేది, దానికి తిట్లూ పెరుగన్నమూ రెండూ దొరికేవి. భూతయజ్ఞం అంటే ఇంతే. మామ్మకి ఆ పేరు తెలీదు.

దేవుడి దగ్గర కూడా ఎక్కువసేపు ఉండేది కాదు. తులసికోటలో దీపం, తూర్పు తిరిగి ఒక దండం. సూర్యుణ్ణి "అరసవిల్లి బాబు" అనేది. కార్తీకం అయిపోయిన మర్నాడు, పోలి పాడ్యమి నాడు మాత్రం చెరువులో అరటిదొప్పల్లో దీపాలు వదిలి పోలి కథ చెప్పాల్సిందే. మీకు తెలిసే ఉంటుంది. అత్తగారు మిగతా కోడళ్ళని వెంటబెట్టుకుని ఏటికి వెళ్తూ, చిన్నకోడలు పోలి దీపం పెట్టకుండా సామాన్లన్నీ దాచేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో ఒత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్న రాసి, దీపం వెలిగించి, ఎవరికీ కనబడకుండా దాని మీద బుట్ట బోర్లిస్తుంది. చివరికి బొందితో స్వర్గానికి వెళ్ళింది పోలి ఒక్కర్తే. పూజకి టైమ్ లేదనే వాళ్ళకి ఈ కథ మళ్ళీ మళ్ళీ చెప్పాలనిపిస్తుంది నాకు.

పితృయజ్ఞం మా వైపు బాగా కనిపించేది కొత్త అమావాస్యకి. ఉగాది ముందురోజు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉగాది కన్నా దీనికే సందడి ఎక్కువ. మా ఇంట్లో పెద్దల పేరు చెప్పి కొత్త బట్టలు, వండినవన్నీ విస్తట్లో పెట్టి, తలుపు కాసేపు దగ్గరగా వేసేవాళ్ళు. లోపల ముత్తాతలు తింటున్నారని పిల్లలం ఊపిరి బిగబట్టి బయట కూర్చునేవాళ్ళం. పోయినవాళ్ళ పేర్లు మామ్మ ఒక్కొక్కటీ పైకి చెప్పేది. పురిట్లోనే పోయిన తన మొదటి బిడ్డని కూడా తలుచుకునేది. ఆ బిడ్డకి పేరు పెట్టలేదు. "మా పెద్దగుంట" అనేది, అంతే.

బ్రహ్మయజ్ఞం దగ్గర కొంచెం ఆగుదాం. చదువురాని మనిషి ఋషుల అప్పు ఎలా తీర్చుకుంటుంది?

నేనూ ఇదే అడిగాను. "సదువు నేదని ఎవులన్నారు? సెవులున్నాయి కదేటి?" అంది. విజయనగరం జిల్లాలో పుట్టిన మనిషి అనదగ్గ మాట అది. హరికథకి ఇవాళ మనకి తెలిసిన రూపాన్నిచ్చిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఆయన దారిలో నడిచిన దాసులు శ్రీరామనవమి పందిళ్ళలో, గుడి ముందు కాళ్ళకి గజ్జెలు కట్టి, చేతిలో చిడతలతో రాత్రి పొద్దుపోయే దాకా కథ చెప్పేవాళ్ళు. అక్షరం రాని వేలమంది ఆడవాళ్ళు భాగవతం, రామాయణం నేర్చుకున్నది అక్కడే. ప్రహ్లాదుడు తొమ్మిది భక్తిమార్గాలు చెప్పినప్పుడు మొదట చెప్పింది శ్రవణం. వినడం. రాని చదువుకి సర్దుబాటుగా దాన్ని మొదట పెట్టలేదు, అసలు వరసే అది.

మామ్మ ఏ హరికథ విన్నా మర్నాడు పొలంలో కలుపు తీస్తూ కూలివాళ్ళకి మొత్తం తిరిగి చెప్పేదట. మధ్యలో దాసుగారి పాటల్ని మాత్రం ఎగ్గొట్టేది, గొంతు బాగుండదని. చదవడం, చదివించడం రెండూ జరిగినట్టే కదా.

పెట్టే చెయ్యి

వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది మామ్మ. పిడికెడు బియ్యం అంటారు దాన్ని, చాలా ఊళ్ళలో ఉన్న అలవాటే. ధనుర్మాసంలో వచ్చే హరిదాసుకి, సంక్రాంతికి వచ్చే వాళ్ళకి, పురిటి ఇళ్ళకి, చావు ఇళ్ళకి ఆ కుండలోంచే వెళ్ళేవి. తాతయ్యకి జీతం ఆలస్యమైన నెలల్లో కూడా ఆ కుండ మీద చెయ్యి పడనిచ్చేది కాదట. రైలు తప్పిపోయిన వాళ్ళు, కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు దిగిన వాళ్ళు, ఎవరో ఒకరు అరుగు మీద తింటూనే ఉండేవాళ్ళు. అందరికన్నా చివర మామ్మ తినేది. కొన్నిసార్లు చోడి అంబలే మిగిలేది. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన యజ్ఞశేషం గుర్తుందా? యజ్ఞంలో మిగిలింది తినేవాళ్ళు పాపం నుంచి బయటపడతారు, తమ కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటారు అన్న భావం. ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఆ అంబలి గిన్నె కళ్ళ ముందుకొస్తుంది.

ఈ పనికి మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన పేరు డొక్కా సీతమ్మ గారిది. 1841లో మండపేటలో పుట్టి, కోనసీమలోని లంకగన్నవరానికి కోడలిగా వచ్చి, గోదావరి దాటి ఆకలితో వచ్చే బాటసారులకి 1909లో కన్నుమూసే దాకా వండిపెడుతూనే ఉన్నారు. ఆవిడ గురించి ఒక సంగతి చెప్పుకుంటారు. ఎన్నో ఏళ్ళకి ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఒక కుటుంబం ఎదురైంది. ఆకలేస్తోందని ఏడుస్తున్న పిల్లల్ని, ఇంకాస్త నడిస్తే సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది, అన్నం పెడతారు అని పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు. ఆ మాట విని సీతమ్మగారు అక్కడి నుంచే వెనక్కి తిరిగారు, దర్శనం మానేసి. 2024లో మన బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు.

మా మామ్మ కూడా కాశీ వెళ్ళలేదు. అడిగితే "ఎల్లీసి ఏటి సేత్తాను, ఇక్కడ ఆవుకెవులు నీళ్ళెడతారు?" అనేది. రామతీర్థం, చీపురుపల్లి కనకమహాలక్ష్మమ్మ, ఏడాదికోసారి అరసవల్లి. అంతే ఆవిడ తిరిగిన క్షేత్రాలు.

చూరులో గ్లాసు

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మామ్మ గురించి సగమే చెప్పినట్టు.

మా పొలంలో కంబారిగా పనిచేసిన ఒకాయన ఉండేవారు. కంబారి అంటే మా వైపు ఏడాది పొడుగునా పనికుండే పాలేరు. ఆయనది దళిత వాడ. మామ్మ ఆయనకి ఏనాడూ తిండికి లోటు చెయ్యలేదు. కానీ అన్నం ఆకులో పెట్టేది, ఆకు ఆయనే తీసి పారెయ్యాలి. పెరటి వైపు చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. దాహమైతే ఆయన ఆ గ్లాసు తీసి పట్టుకుంటే మామ్మ పైనుంచి నీళ్ళు పోసేది. తాగాక కడిగి మళ్ళీ చూరులో దోపేవారు. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. ఎవరికీ తప్పుగా అనిపించలేదు, మామ్మకి కూడా.

1970లలో ఒక శ్రీరామనవమికి పందిట్లో హరికథ చెప్తూ దాసుగారు మధ్యలో పిట్టకథగా రంతిదేవుడి కథ ఎత్తుకున్నారట. భాగవతం తొమ్మిదో స్కంధంలోది. రంతిదేవుడు రాజు, ఉన్నదంతా దానం చేసేశాడు. కుటుంబంతో సహా నలభై ఎనిమిది రోజులు నీళ్ళు కూడా లేకుండా గడిపాడు. నలభై తొమ్మిదో రోజు పొద్దున్న నెయ్యి, పాయసం, కాసిన్ని నీళ్ళు దొరికాయి. తినబోతుంటే ఒక బ్రాహ్మణుడు వచ్చాడు, పెట్టాడు. మిగిలింది పంచుకుంటుంటే ఒక శూద్రుడు వచ్చాడు, పెట్టాడు. తర్వాత కుక్కలతో ఒకడొచ్చాడు, అతనికీ ఆ కుక్కలకీ ఉన్నదంతా పెట్టి నమస్కరించాడు. ఇక నీళ్ళు మిగిలాయి, ఒక్కరి గొంతు తడవడానికి సరిపడా. అప్పుడు చండాలుడొకడు వచ్చి దాహం అన్నాడు. రాజు ఆ నీళ్ళు ఇచ్చేశాడు. తనకి సిద్ధులొద్దు, మోక్షం కూడా వద్దు, అన్ని ప్రాణుల లోపలా ఉండి వాటి బాధ తాను పడాలి, అవి సుఖంగా ఉండాలి అని కోరుకున్నాడు.

ఈ సంగతి నాకు చెప్పింది మా అత్త. అప్పటికి ఆవిడకి పదేళ్ళు, మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని కథ విన్నదట. మిగతా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు గానీ మామ్మ ఏడవలేదట. ఇంటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదట. మర్నాడు కలుపులో ఆ కథ చెప్పలేదు. విన్న కథ మామ్మ తిరిగి చెప్పకపోవడం ఆ ఒక్కసారే.

నాలుగైదు రోజుల తర్వాత, ఎర్రటి ఎండలో పొలానికి ఎరువు తోలి వచ్చి ఆయన పెరటి గుమ్మం దగ్గర నిలబడి "దాహం తల్లీ" అన్నారు. చూరులో చెయ్యి పెడితే గ్లాసు లేదు. మామ్మ ఇంట్లో అందరూ తాగే రాగి చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"వద్దు తల్లీ, నా గలాసు ఉండాల ఇక్కడ."

"తీసీసినాను. ఇదే ఉంది. తాగితే తాగు, నేకపోతే దాహంతోనే ఎల్లు."

ఆయన చెంబు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారట. ఇక్కడ కొంచెం ఆలోచించండి. మనం ఇలాంటి కథల్లో ఇచ్చిన చేతినే చూస్తాం. పుచ్చుకున్నాయనకి దాహం కన్నా భయం ఎక్కువ. రేపు ఊళ్ళో ఎవరికైనా కోపం వస్తే మామ్మని ఎవరూ కొట్టరు, దెబ్బలు తినేది ఆయనే. ఆ చెంబుని పెదవికి తగలకుండా పైకెత్తి తాగి, గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. పెదవి ఆనించి తాగడానికి ఇంకెన్నాళ్ళు పట్టిందో అత్తకి గుర్తులేదు.

ఇంట్లో గొడవైంది. మంచంలో ఉన్న ముత్తవ్వ, ఆ చెంబు ముట్టిన చేత్తో నాకు నీళ్ళివ్వొద్దు అంది. చాలా రోజులు అత్తే నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చేది. కానీ ముత్తవ్వకి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం మామ్మే చేసింది. దానికి మాత్రం ఆ చేతులే కావాల్సి వచ్చాయి! తాతయ్య ఏమీ అనలేదు. అవునన్నట్టా కాదన్నట్టా అని అడిగితే, షిఫ్టుకెళ్ళిపోయేవారు అంది అత్త. పెద్దత్తకి చూసిన ఒక సంబంధం దీనివల్లే తప్పిపోయిందని అత్త అంటుంది. నాన్న ఒప్పుకోరు, కట్నం దగ్గర తేలలేదు అంటారు.

మామ్మని సంఘసంస్కర్తని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన మా ఇంట్లోపల కూర్చుని కంచంలో తినడానికి ఆ తర్వాత పదేళ్ళు పట్టింది. దేవుడి గది గడప ఆయన దాటగా నేనెప్పుడూ చూడలేదు. మామ్మ వాళ్ళింట్లో భోంచేసింది ఒక్కసారే, ఆయన కూతురి పెళ్ళికి. వచ్చాక "పప్పు బాగా సేసినారు" అందట, ఎవరూ అడక్కుండానే.

2019లో మామ్మ పోయింది. పెద్దకర్మ రోజు ఆయన కొడుకు విశాఖపట్నం నుంచి వచ్చాడు. మా నాన్న పక్కన వరసలో కూర్చుని తిన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ వరస మారి వేరే వరసలోకి వెళ్ళారు. 2019లో కూడా.

పట్నాల్లో చూరులు లేవు. కానీ మన ఫ్లాట్లలో పనమ్మాయికి విడిగా ఒక కప్పు ఉంటుంది చూశారా, సింక్ కింద గూట్లో, హ్యాండిల్ విరిగింది? కొన్ని అపార్ట్‌మెంట్లలో వాళ్ళకీ డెలివరీ కుర్రాళ్ళకీ లిఫ్ట్ కూడా వేరు. మనుష్యయజ్ఞం ఎలా మొదలుపెట్టాలి అని అడిగిన వాళ్ళు ముందు ఆ గూడు తెరిచి చూడండి. తర్వాత బియ్యం. నా పిడికిలితో పూటకొకటి చొప్పున తీసి పెడితే నెలకి మూడు కిలోల పైన తేలింది. ఇద్దరున్న ఇంట్లో లెక్కలోకి రానంత. మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడకి ఇస్తున్నాం. ఆవిడ ఊరికే తీసుకోదు, ప్రతిసారీ ఏదో ఒక కథ చెప్పి గానీ పంపదు. అలా బ్రహ్మయజ్ఞం కూడా అయిపోతోంది.

ఇది రాసే ముందు అత్తకి ఫోన్ చేశాను. చూరులోంచి తీసేసిన ఆ గ్లాసుని మామ్మ ఏం చేసిందో అడుగుదామని. పాతసామాన్ల వాడికి వేసేసి ఉల్లిపాయలు తీసుకుందట.